క్రొత్త నాటిక యెదుట ప్రేక్షకుడు

గురజాడవారి కన్యాశుల్కమును చూడబోవువాడు నాటకశాలకు ఒంటరిగా పోడు. 1892లో విజయనగరమున అది తొలిసారి ప్రదర్శితమైన నాటినుండి దానినిగూర్చి పెద్దలు పలికిన మాటలు, బడిలో చదివిన పాఠములు, గిరీశపాత్రను ధరించిన నటులనుగూర్చి వినికిడిగా వచ్చిన కథలు, ఇవన్నియు అతని వెంట వచ్చి ప్రక్కనే కూర్చుండును; ఎచట నవ్వవలెనో, ఎచట నిట్టూర్చవలెనో, ఇంటికి పోయిన పిదప ఏమని మెచ్చుకొనవలెనో అతనికి ముందే తెలిసియుండును. అతని ఆనందము కృత్రిమమని నేననను. కాని అందులో తనదెంత, పరంపరగా సంక్రమించినదెంత యని విడదీసి చూపుమన్నచో అతడు చూపజాలడు. క్రొత్త నాటిక సంగతి వేరు. పగలు ఉద్యోగము చేసికొనుచు రాత్రులు వ్రాసికొను ఒక రచయిత కలమునుండి నిన్ననో మొన్ననో వెలువడి, ఇంకను అచ్చునకెక్కక, ఎవరి ప్రశంసకును ఎవరి నిందకును నోచుకొనక మన యెదుటికి వచ్చిన నలువదియైదు నిమిషముల నాటికను చూచునప్పుడు అరువు తెచ్చుకొనుటకు అభిప్రాయము దొరకదు. బాగున్నదో లేదో మనమే తేల్చుకొనవలెను; ఏల బాగున్నదో, ఏల బాగులేదో కారణమును మనమే వెదకుకొనవలెను. స్వంత అభిరుచిని పెంపొందించుకొనదలచిన వానికి ఇంతకంటె మంచి అభ్యాసము లేదని చెప్పుటయే ఈ అధ్యాయమున నా ఉద్దేశము.

నిడివి స్వల్పమగుట ఇందులకు మరియొక సౌకర్యము. పెద్ద నాటకము రుచింపకున్నచో ఒక రాత్రి పాడైనదను విసుగు పుట్టును; నాటిక రుచింపకున్నచో గంటలోపల మరియొకటి మొదలగును. పోయినది కొద్దిపాటిదే కావున మనసు ఉదారముగ నుండును. ఉదారమైన మనసునకే సూక్ష్మములు గోచరించును.

పరిషత్తు రాత్రి

నేటి తెలుగు నాటికకు ప్రధానాశ్రయము పరిషత్తు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు అవతరించిన పిమ్మట క్రమముగా వేళ్లూనిన పోటీ సంప్రదాయము పట్టణములకే పరిమితము కాక పల్లెలకును ప్రాకి, పండుగ దినములలోను జాతర దినములలోను ఊరివారు చందాలు వేసికొని నాటిక పోటీలు జరుపుకొను వాడుకగా స్థిరపడినది. ప్రభుత్వము 1998లో నంది నాటకోత్సవములను ప్రారంభించి, పద్యనాటకమునకును సాంఘిక నాటకమునకును తోడుగా నాటికకును, బాలల నాటికకును వేరువేరు విభాగములను కల్పించినది. హైదరాబాదులో రవీంద్రభారతి వంటి వేదికలమీదను ఇట్టి ప్రదర్శనములు జరుగుచుండును. ప్రవేశము ప్రాయికముగ ఉచితము. కావలసినదెల్ల ఒక సాయంకాలము మాత్రమే.

పరిషత్తునకు ఎన్నడును పోనివారికొరకు ఆ రాత్రి తీరును కొంచెము వర్ణించెదను. చీకటి పడుసరికి ఆరుబయటనో కల్యాణమండపముననో కుర్చీలు వేసియుండును. రాత్రికి రెండో మూడో నాటికలు. ఒక్కొక్కటి గంటకు మించదు. ముందువరుసలో న్యాయనిర్ణేతలు మార్కుల కాగితములతో కూర్చుందురు. మైకులో సమాజము పేరు, రచయిత పేరు, దర్శకుని పేరు చదివిన పిదప గంట మ్రోగి తెర తొలగును. ఒక నాటిక ముగిసి రెండవది ఆరంభమగులోపల తెరవెనుకనుండి సుత్తి దెబ్బలు వినబడుచుండును: ఒక సమాజమువారు తమ తలుపులను కిటికీలను విప్పుకొని బండికెక్కించుకొనుచుండగా, మరియొక సమాజమువారు తమ ఇంటిని నిలబెట్టుకొనుచుందురు. ఆ విరామమున టీ త్రాగుచు జనులు చెప్పుకొను మాటలే ఆ నాటికకు లభించు మొదటి విమర్శ; పెక్కు నాటికలకు అదియే తుది విమర్శయు నగును, ఏలయన వానిలో అచ్చుపడునవి కొన్ని, అచ్చుపడినను చదువువారిని సంపాదించుకొనునవి అంతకంటెను తక్కువ. కావున పరిషత్తునకు పోవు ప్రేక్షకుని బాధ్యత పుస్తకము చదువు పాఠకుని బాధ్యతకంటె పెద్దది. అతడు గమనింపనిచో ఆ నాటికను గమనించువారుండరు.

ఆ టీ గ్లాసు చేతబట్టి మనము చెప్పు మాట ఎట్టిదై యుండవలెను? అది చెప్పగలుగుటకు తెర తొలగినప్పటినుండి వేనిని చూడవలెను?

మొదటి ప్రశ్న: ఇచటనే ఎందుకు మొదలుపెట్టెను?

పెద్ద నాటకమునకు పుట్టుక, పెంపు, పరిణామము, పర్యవసానము అన్నిటికిని తావుండును. నాటికకు అంత వ్యవధి లేదు. అందుచేత మంచి నాటికాకారుడు కథలో చాలభాగము జరిగిపోయిన పిదప తెరనెత్తును. ఇది పాశ్చాత్యులనుండి మనము నేర్చిన విద్య యనుకొనువారు భాసుని ఏకాంకరూపకములను ఒకమారు చూడవలెను. టి. గణపతిశాస్త్రి వెలికిదీసి 1912 మొదలుకొని తిరువనంతపురమునుండి ప్రకటించిన ఆ రూపకములలో ఊరుభంగమున్నది. భీమ దుర్యోధనుల గదాయుద్ధమును భాసుడు రంగముమీద చూపడు. దానిని ముగ్గురు యోధులు వర్ణించుచుండగా వినెదము. మన కన్నుల యెదుటికి వచ్చునది తొడలు విరిగి నేలమీద ప్రాకుచు వచ్చు రాజు. పిదప అంధులైన తల్లిదండ్రులు వత్తురు—ఒకరు పుట్టుకచేత, ఒకరు వ్రతముచేత. వారి వెంట రాణులు వత్తురు. చిన్న కొడుకు దుర్జయుడు తండ్రిని కనుగొని, ఎప్పటివలెనే ఒడిలో కూర్చుండబోవును. తండ్రి వలదనవలసివచ్చును. కురుక్షేత్ర సంగ్రామమంతయు ఏమి చేసినదో, ఏమి మిగిల్చినదో ఆ పసివాని అడుగుతో తేలిపోయినది. యుద్ధమును చూపియున్నచో కవికి ఈ ఒక్క క్షణమును నిలుపుటకు వ్యవధి యుండెడిది కాదు.

కావున తెర తొలగిన అయిదు నిమిషములలోపల మీలో మీరు వేసికొనవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ రచయిత కథను ఇచటనే ఏల మొదలుపెట్టెను? దీనికంటె ముందొక రోజో, వెనుకనొక గంటయో మొదలుపెట్టినచో ఏమి పోయెడిది? సమాధానము స్ఫురించినచో మీరొక శిల్పి చేతిలోనున్నారన్నమాట. ఎచట మొదలుపెట్టినను ఒక్కటే యని తోచినచో, ఆ నాటిక ఇంకను తన ప్రారంభమును వెదకుకొనుచున్నదని గ్రహింపవలెను.

రెండవ ప్రశ్న: ఏది దాచెను?

సామ్యూల్ బెకెట్ 1965లో వ్రాసిన ‘కమ్ అండ్ గో’ అను నాటిక కొద్ది నిమిషములలో ముగియును. ముగ్గురు స్త్రీలు, చిన్ననాటి స్నేహితురాండ్రు, ఒక బల్లమీద వరుసగా కూర్చుండియుందురు. ఒక్కొక్కరు వంతుచొప్పున లేచి చీకటిలోనికి పోదురు. పోయినంతసేపు మిగిలిన ఇద్దరిలో ఒకరు రెండవవారి చెవిలో ఏదో చెప్పుదురు, విన్నవారు ఉలికిపడుదురు. పోయినవారు తిరిగి వచ్చి ఏమియు తెలియక తమ చోట కూర్చుందురు. చెవిలో చెప్పిన మాట మనకు వినబడదు. కాని మూడవ స్త్రీయు లేచి వెళ్లుసరికి మన వీపున ఒక చలి ప్రాకును: ప్రతివారిని గూర్చియు మిగిలిన వారికి తెలిసిన సంగతి యేదో కలదు, అది వారికి మాత్రము తెలియదు. ఆ మాటను రచయిత వినిపించియున్నచో అది ఒక రోగము పేరై యుండెడిది. వినిపింపకపోవుటచేత అది మానవుల స్థితి యైనది.

దాచుట వేరు, చెప్పలేకపోవుట వేరు. ఈ రెంటికిని భేదమును గుర్తించుట అభ్యాసముచేతనే వచ్చును. రచయిత ఉద్దేశపూర్వకముగ దాచినచో రంగముమీది ప్రతి వస్తువును, ప్రతి చూపును ఆ దాచిన దానివైపే వేలు చూపుచుండును. మనకు తెలియకున్నను ఏది తెలియదో స్పష్టముగ తెలియును. రచయితకే తెలియనిచో ఆ దిక్కులు ఒకదానితో ఒకటి కలియవు. ప్రేక్షకుడు ఆలోచనలో పడుటకు మారు అయోమయములో పడును. ‘నాకర్థము కాలేదు’ అని తొందరపడి లేచిపోవుటయు, అర్థము కానిదెల్ల గంభీరమని తలయూచుటయు, రెండును ఈ భేదమును విచారింపకపోవుటవలన కలుగు లోపములే.

ఒక ఊహానాటిక

ఇంతవరకు చెప్పినదానిని ఒకచోట కూర్చి చూచుటకు ఒక నాటికను ఊహించుకొందము. పాత పెంకుటింటి వసారా. సామానంతయు మూటలు కట్టబడియున్నది. మిగిలినది ఒక్క పడకకుర్చీ. ముగ్గురు తోబుట్టువులు ఇల్లమ్మకపు కాగితములమీద సంతకములు చేయుటకు కూడినారు. పెద్దవాడు ధరనుగూర్చి మాటలాడును. రెండవవాడు రిజిస్ట్రేషను ఖర్చునుగూర్చి. చెల్లెలు తిరుగు రైలునుగూర్చి. తల్లి మాట ఎవరును ఎత్తరు. పెద్దవాడు మెట్టుమీద కూర్చుండును, రెండవవాడు స్తంభమునకు ఆనుకొని నిలుచుండును, చెల్లెలు మూటమీద ఒరిగియుండును. కుర్చీ ఖాళీగనే యుండును. కొనవచ్చిన పెద్దమనిషి లోపలికి వచ్చి, చెమట తుడుచుకొనుచు, ఏమియు తెలియనివాడై ఆ కుర్చీలో కూలబడును. ముగ్గురును ఒక్కసారిగ మాటలాపుదురు. చెల్లెలు, “లేవండి” అనును. పెద్దవాడు ఆమె వంక చూడకయే, “కూర్చోనీవే. ఇల్లు ఆయన కొనుక్కున్నారుగా” అనును.

ఈ నాటికను చూచిన ఒకడు ‘ఆస్తి తగాదా; ఇట్టివి ఎన్ని చూడలేదు’ అని పెదవి విరువవచ్చును. అతడు కథనే చూచినాడు. మరియొకడు మొదటినుండియు ఖాళీ కుర్చీని గమనించుచు, అలసియు ఎవరును అందులో కూర్చుండరేమి యని లోలోన ప్రశ్నించుకొని, ఆ పెద్దమనిషి కూలబడినప్పుడు తన దేహము తనకు తెలియకయే ముందునకు వంగుట గ్రహించును. అతనికి చెప్పకయే తల్లి కనబడినది. ఇద్దరును చూచినది ఒక్క నాటికయే. మొదటివాడు ‘ఇది దేనినిగూర్చి’ అని అడిగినాడు, రెండవవాడు ‘ఇచట ఏమి జరుగుచున్నది’ అని అడిగినాడు. నాటికను చూచునంతసేపును రెండవవాని ప్రశ్ననే పట్టుకొని, మొదటివాని ప్రశ్నను ఇంటికి పోవు త్రోవకు విడిచిపెట్టుట మేలు.

ఇందులోనే మరియొక పరీక్షయు కలదు. పెద్దవాని మాట రచయితది. కుర్చీని రంగమధ్యమున గాక ఒక ప్రక్కగ, మనము మరచిపోవుటకు వీలైన చోట నిలిపినచో అది దర్శకుని బుద్ధి కావచ్చును. ‘లేవండి’ అను మాటను కోపముతో గాక, గదిలో నిద్రించువారు లేతురేమో యనునట్లు మెల్లగ పలికినచో అది నటి చేసిన సృష్టి. చప్పట్లు కొట్టునప్పుడు ఈ ముగ్గురిలో ఎవరికి కొట్టుచున్నామో తెలిసికొని కొట్టుట రసజ్ఞతలో మరియొక మెట్టు. దీనికొక ఉపాయము: మరియొక సమాజమువారు, మరియొక నటితో ఈ నాటికను ఆడినచో ఏది నిలుచును, ఏది పోవును అని ఊహించి చూడుడు. నిలుచునది రచన.

మూడు తొందరపాట్లు

ప్రేక్షకుని త్రోవ తప్పించు తొందరపాట్లు మూడు. మొదటిది విషయమును చూచి విలువ కట్టుట. వృద్ధాశ్రమము, విదేశములలో స్థిరపడిన కొడుకు, ఎదురుచూచు తల్లి, రైతు ఆత్మహత్య, ఇవి పరిషత్తులలో పలుమారు కనబడు వస్తువులు. వస్తువు ఉదాత్తమైనంతమాత్రమున నాటిక ఉదాత్తము కాదు; వస్తువు పాతదైనంతమాత్రమున నాటిక పాతబడదు. గొల్లపూడి మారుతీరావుగారి ‘కళ్ళు’ నాటిక కబోదులైన యాచకులనుగూర్చినది; జాలి పుట్టించి కన్నీరు రాబట్టుటకు ఇంతకంటె సులభమైన వస్తువుండదు. కాని ఆ రచన మనలను జాలితో సరిపెట్టుకొననీయక, అందరిలో ఒకనికి చూపు వచ్చినచో ఆ చూపు ఎవరిసొత్తు అను ప్రశ్నవైపునకు ఈడ్చుకొనిపోవును. 1988లో అది చలనచిత్రముగ కూడ రూపొందినది. వస్తువును ఎన్నుకొనుట కాదు, ఆ వస్తువును ఏ ప్రశ్నగా మార్చెనన్నదియే రచయితకు పరీక్ష.

రెండవది కన్నీటిని కొలతగా పట్టుట. చివరి ఘట్టమున ముసలితండ్రి ముందునకు వచ్చి, వెలుగు అతని ముఖముమీద మాత్రమే నిలువగా, నేపథ్యమున వేణువు మ్రోగుచుండ, లోకముమీద తనకున్న ఫిర్యాదునంతయు అయిదు నిమిషములు ఏకరువు పెట్టినప్పుడు కన్ను చెమర్చుట సహజమే. ఇట్టి ప్రసంగములు పుట్టుటకు పోటీ పద్ధతియు కొంత కారణము. ఉత్తమ నటునికి, ఉత్తమ నటికి, ప్రతినాయకునికి, హాస్యనటునికి వేరువేరు బహుమతులున్నచోట ప్రతి పాత్రకును తన బలిమి చూపుకొను ఘట్టమొకటి అమర్చవలెనను ఒత్తిడి రచయితపై పడును. పోటీయే తెలుగు నాటికను బ్రతికించినది. ఆ పోటీయే దానికి కొన్ని అలవాట్లను కూడ నేర్పినది. కన్ను చెమర్చినప్పుడు సిగ్గుపడనక్కరలేదు. అది పాత్రకొరకు చెమర్చినదా, వేణువుకొరకు చెమర్చినదా యని మరునాడు విచారించినచో చాలును.

మూడవది సందేశమును వెదకుట. ‘రచయిత ఏమి చెప్పదలచినాడు’ అను ప్రశ్నను బడిలో మనకు నేర్పిరి. ఒక వాక్యమున చెప్పదగినదైనచో ఆ రచయిత వాక్యమునే వ్రాసియుండును. ఆరుగురు నటులను కూర్చుకొని, నెలలతరబడి రిహార్సల్సు చేయించి, తలుపులు కిటికీలు బండిమీద మోసికొని వచ్చెడివాడు కాడు. సందేశమునకు మారుగా, ఏ రెండు న్యాయమైన కోరికలు ఇచట ఢీకొన్నవో వెదకుడు. ఊహానాటికలో చెల్లెలిది తప్పు కాదు, అన్నదియు తప్పు కాదు. ఒకరిదే పూర్తిగ న్యాయమైనచోట ఉపన్యాసము పుట్టును గాని నాటిక పుట్టదు.

కుదరని నాటికనుండి లాభము

క్రొత్త రచనలను చూచువానికి కుదరనివి ఎక్కువగా ఎదురగుట తప్పదు. అట్టి నాటికలో సైతము సజీవమైన క్షణమొకటి యుండును: పాత్ర ఒక్కసారి నిజమైన మనిషివలె పలికిన మాట గాని, ఇద్దరు ఒకే తువ్వాలుకొరకు చేయి చాచి ఆగిపోయిన తీరు గాని. ఆ క్షణమును పట్టుకొని, మిగిలిన నాటిక ఆ స్థాయికి ఏల చేరలేదని విచారించుడు. ఉత్తమ నాటికకంటె ఇదియే శిల్పరహస్యమును ఎక్కువగా బోధించును. ఉత్తమ రచనలో అతుకులు కనబడవు.

ప్రదర్శనానంతరము రచయిత ప్రక్కనే నిలుచుండి కనబడుట పరిషత్తులలో సాధారణము. గురజాడను మనమేమియు అడుగజాలము, ఇతనిని అడుగగలము. ఆ భాగ్యమును ‘బాగుందండీ’ అను ఒక్క మాటతో పోగొట్టుకొనరాదు. ఇట్లు వ్రాసియుండవలసినదని సలహా చెప్పుటయు తగదు. అది మన నాటికయగును గాని అతనిది కాదు. చెప్పవలసినవి మూడే: నేనేమి చూచితిని, ఎచట నా మనసు మీ వెంట వచ్చినది, ఎచట విడిచిపోయినది. “ఆయన కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు ఊపిరాగిందండీ, కానీ రైలు సంగతి మూడోసారి వచ్చేసరికి వాచీ చూసుకున్నాను” అని చెప్పిన ప్రేక్షకుని మాటను రచయిత మరువడు. అందులో పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు, సాక్ష్యమున్నది. పరిషత్తునుండి పరిషత్తునకు ప్రయాణము చేయుచు నాటిక సవరించుకొనబడుచుండును కావున, మీ సాక్ష్యము రాబోవు ప్రదర్శనములో ఒక మాటను తొలగించినను తొలగింపవచ్చును.

అభ్యాసములు

ఇందులో చెప్పినదెల్ల చదివినంతమాత్రమున అలవడదు. ఈ క్రింది వానిని ఒక సంవత్సరకాలము ఆచరించి చూడుడు.

మొదటిది: కథను, నాటికను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట. అజో-విభో-కందాళం ఫౌండేషన్ వారు తెలుగు కథలను నాటికలుగా మలచి ప్రదర్శించు పోటీలను ప్రోత్సహించినారు. అట్టి కథానాటికను చూడబోవు ముందు మూలకథను చదువుడు. కథకుడు పాత్ర మనసులోనుంచి చెప్పిన ఏ వాక్యమును నాటికాకారుడు ఏ చేష్టగా మార్చెనో, ఏ పుటలను పూర్తిగ విడిచిపెట్టెనో గుర్తుపెట్టుకొనుడు. నాటికాశిల్పమును ఇంత స్పష్టముగ చూపు మార్గము మరియొకటి లేదు.

రెండవది: ఇంటిలో బిగ్గరగ చదువుట. నాటిక ప్రతి దొరికినప్పుడు నలుగురు కూర్చుండి పాత్రలు పంచుకొని చదువుడు. నటన అక్కరలేదు, మామూలు గొంతుకతో చదివినచో చాలును. నోట పలుకనలవికాని వాక్యము ఎచట తగులునో, ఏ రెండు పాత్రలు ఒకే గొంతుకతో మాటలాడుచున్నవో వెంటనే బయటపడును. పరిషత్తులు అందుబాటులో లేని దూరదేశముల తెలుగువారికి ఇది అన్నిటికంటె సులభమైన మార్గము.

మూడవది: ఒక్క నాటికను రెండుమారులు చూచుట. మొదటిమారు కథ లాగుకొనిపోవును. రెండవమారు ముగింపు తెలిసియుండుటచేత, మాటలాడువానిని విడిచి వినుచున్నవానిని చూచుటకు తీరిక చిక్కును. మంచి నాటికలో వినువాని ముఖముననే కథ నడచుచుండును.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. పరిషత్తు ముగింపురాత్రి బహుమతుల ప్రకటనకు ముందు, మీకు ఏ నాటిక ఉత్తమమని తోచినదో ఒక కాగితముమీద వ్రాసి, దాని క్రింద రెండు వాక్యములలో కారణము వ్రాసి జేబులో పెట్టుకొనుడు. ఆ పిదప న్యాయనిర్ణేతల తీర్పును వినుడు. రెండును కలిసినచో సంతోషింపుడు. కలియకున్నచో కాగితమును చింపివేయకుడు, న్యాయనిర్ణేతలను నిందింపకుడు. మీరు వ్రాసిన కారణమును మరల చదివి, అది ఇప్పటికిని నిలుచునేమో చూడుడు. నిలువకున్నచో దిద్దుకొనుడు. నిలిచినచో, సభ యంతయు మరియొక నాటికకు చప్పట్లు కొట్టుచున్నను, మీ అభిప్రాయమును మీరుంచుకొనుటకు అర్హులు.